ముందు నిలబడే మనిషి

"మళ్ళీ ఈయనేనా!" అన్నాడు కిరాణా కొట్టాయన, పెట్టె కింద పెడుతూ.

టీచరమ్మ తలెత్తి చూసింది.

గుమ్మం బయట, వరసలో అందరికంటే ముందు, ఆ పెద్దాయన. నలగని తెల్లచొక్కా, మడత చెదరని ప్యాంటు, చేతిలో ఖాళీ సంచి.

"వారం వారం మొదటి సంచి ఈయనకే. ఆ ఇస్త్రీ చూడండి! నేను ఇచ్చేది ఆకలితో ఉన్నవాళ్ళకి టీచరమ్మా, ఇలాంటి సోకులరాయుళ్ళకి కాదు. ఇలాగైతే వచ్చే నెల నుంచి నా బియ్యం రావు."



ప్రతి శనివారం ఆ హాల్లో పేదలకు పంచే బియ్యంలో సగం అతనివే. రొట్టెలు బేకరీ ఆయనవి. సంచులు కుట్టేది దర్జీ. రిటైరైన నాటి నుంచీ ఒక్కొక్కరి గడపా ఎక్కి, బతిమాలి కూడగట్టిన మనుషులు. ఒక్కరు చెయ్యి తీసేసినా వరసలో చివరివాళ్ళకు ఏమీ మిగలదు.

"బాగున్నావా అమ్మాయ్?" పెద్దాయన లోపలికి వస్తూ వీధంతా వినబడేలా పలకరించాడు. "నా సంచి కాస్త బరువుగా కట్టు. నా ఆకలి నాకంటే పెద్దది!"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

టీచరమ్మకు నవ్వు రాలేదు. సొట్టపోయిన పాలపొడి డబ్బా ఒకటి ఏరి మరీ ఆయన సంచిలో వేసింది. గొంతు తగ్గించింది.

"బాబాయ్‌గారూ, ఏమీ అనుకోకండి. వచ్చే వారం నుంచి మీరు రావద్దు. మీకంటే అవసరం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు."

ఆయన సంచి భుజానికెత్తుకున్నాడు.

"అలాగేనమ్మా."

రెండడుగులు వేసి ఆగాడు.

"మరి ముందు ఎవరు నిలబడతారు?"

ఎంత పట్టింపు ఈయనకి, అనుకుంది టీచరమ్మ.

మరుసటి శనివారం తలుపులు తీసేముందు ఆమె ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. 'తండ్రీ, ఈ గుమ్మం నుంచి ఎవరూ ఖాళీ చేతులతో వెళ్ళకూడదు.'

ఆ కోరిక ఆ రోజు వింతగా తీరింది. అసలు ఎవరూ రాలేదు.

పది అయింది. పదిన్నర అయింది. కట్టిన అరవై సంచులూ బల్లల మీద అలాగే ఉన్నాయి.

"ఊళ్ళో ఆకలి తీరిపోయినట్టుంది!" దర్జీ నవ్వబోయి, మానేశాడు.

అప్పుడే కిరాణా కొట్టాయన వచ్చాడు. తన కొట్టు బయట దాతల కోసం పెట్టిన పెట్టెను మోసుకొచ్చి బల్ల మీద దించాడు.

"తీసుకునేవాళ్ళు లేరు గానీ ఇచ్చేవాళ్ళకి లోటు లేదండోయ్. ప్రతి శనివారం ఎవరో పుణ్యాత్ముడు నిండు సంచి కుమ్మరించి పోతాడు. పోయిన శనివారం చూడండి, సొట్టడబ్బా కూడా వేశాడు!"

టీచరమ్మ ఆ డబ్బా అందుకుంది. పాలపొడి. సొట్టను వేలితో తడిమింది.

తర్వాత కిటికీలోంచి చూసింది.

రోడ్డు అవతల బస్‌స్టాపు నిండా జనం. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళింది. ఎవరూ ఎక్కలేదు.

ఆమె రోడ్డు దాటి వెళ్ళింది. చంకలో బిడ్డ ఉన్న ఓ అమ్మాయి ముఖం తిప్పుకుంది.

"ఏ బస్సు కోసమమ్మా?"

పక్కనున్న తాపీమేస్త్రీ నేల చూస్తూ అడిగాడు.

"ఇస్త్రీ తాత ఇంకా రాలేదేంటండీ?"

"ఆయన లేకపోతే మీరు రారా?"

"అందరూ చూస్తుండగా ముందు నిలబడాలంటే కాళ్ళు కదలవండి. మొన్నటిదాకా పనిచేసి తిన్నవాళ్ళం." మేస్త్రీ చేతిలోని రెండు ఖాళీ సంచులు మడిచాడు. "ఆయనైతే, 'నేను పోతున్నా, నా వెనకాల ఎవరు?' అని కేకేసేవాడు. అంత మంచి చొక్కా వేసుకున్నాయనకే లేని సిగ్గు మనకెందుకని మేమూ వెనకే వచ్చేసేవాళ్ళం."

బిడ్డ తన పిడికిలిని తానే చప్పరిస్తోంది.

టీచరమ్మ మెడలో ఉన్న నిర్వాహకుల బ్యాడ్జీ తీసి గుప్పిట్లో దాచుకుంది. మేస్త్రీ దగ్గరున్న రెండు సంచుల్లో ఒకటి అడిగి తీసుకుంది.

"నేను పోతున్నా." రోడ్డు వైపు తిరిగింది. "నా వెనకాల ఎవరు?"

పట్టుమని పదిహేను అడుగులు కూడా లేని రోడ్డు. వీధిలో కిటికీలన్నీ తననే చూస్తున్నట్టు ముఖం మండిపోయింది. ఇన్నాళ్ళూ దీన్ని ఆయనొక్కడే ఎలా మోశాడు తండ్రీ?

వెనక్కి తిరిగి చూడలేదు. చెప్పుల చప్పుడు వింది. ముందు ఒకటి, తర్వాత చాలా.

మధ్యాహ్నం, పెద్దాయన మొదటివారం రాయించిన చిరునామా వెతుక్కుంటూ వెళ్ళింది. సంచిలో ఆ సొట్టడబ్బా ఉంది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉంది.

తలుపుకు తాళం.

పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ చెప్పింది.

"తాతగారా? మొన్న గురువారం కూతురి దగ్గరికి వెళ్ళిపోయారండీ. చాలా దూరం. ఇక ఇటు రారు."

"ఏమైనా చెప్పి వెళ్ళారా?"

"ఏముందండీ చెప్పడానికి. ఆ అమ్మాయి రెండేళ్ళుగా రమ్మంటూనే ఉంది. ఈయనకీ మనవల మీద ఒకటే బెంగ. ఫొటోలు తీసి చూసుకుంటూనే ఉండేవారు. వెళ్ళచ్చు కదా అంటే, శుక్రవారం సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, 'రేపు డ్యూటీ ఉందమ్మా, ఎలా వెళ్ళను?' అనేవారు."

ఆవిడ తడిచొక్కా దులిపి తీగ మీద వేసింది.

"ఏం డ్యూటీయో ఏమో, పోయిన శనివారంతో అయిపోయిందన్నారు."