పిట్ట ముట్టిన కూర

కాకులు వచ్చాయి. గోడ మీద వాలాయి. విస్తరిని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూశాయి. ముట్టకుండానే లేచిపోయాయి.

ఇది రెండో విస్తరి. పొద్దున వాగు ఒడ్డున, చితి బూడిద పక్కన పెట్టినదాన్ని చీమలే తిన్నాయి. కిషన్‌కు ఇష్టమని మాంసం వండారు, శనగలు ఉడకబెట్టి గుడాలు చేశారు, కల్లు పోశారు. బతికి ఉండగా ఆ వాసన తగిలితే పొలంలో పని వదిలేసి వచ్చే మనిషి. ఎంగిలి మెతుకు కనబడితే ఊళ్ళోని కాకులన్నిటినీ పిలిచే కాకికి ఇవాళ మాంసమే చేదయింది.

"నా కొడుకుకు ఏం కోరిక మిగిలిందో ఏమో" అంది తల్లి బుచ్చమ్మ. "పిట్ట ముట్టకుంటే వాడు ఆకలితోని తిరుగుతడు లతా. అప్పటిదాంక ఇంట్ల ఎవ్వరు మెతుకు ముట్టద్దు."

లతకు ఏడుపు కూడా రావడం లేదు. మొగుడి ముఖం ఆఖరిసారి చూసుకోనేలేదు. గల్ఫ్‌లో పనికి పోతుంటే కంపెనీ వ్యాను కాలిపోయింది. కోటు జేబులో సగం కాలిన కార్డు చూసి కిషన్ అన్నారు. పెట్టెలో పంపారు. తెరవద్దన్నారు, తెరవలేదు. ఇక ఆమె చేతిలో మిగిలింది అతనికి కడుపు నిండా పెట్టడం ఒక్కటే. అదీ కుదరడం లేదు.

పెట్టె వెంట వచ్చిన జైసింగ్ అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. అక్కడ కిషన్‌తో ఒకే గదిలో ఉండేవాడు.

"ఆఖరుకు ఏం తిన్నడు జైసింగ్?" అని అడిగింది లత.

"డ్యూటీకి పోయే ముందు రోమెల్ వండిన కూర తిన్నరు వదినె, ఇద్దరు. మా రూంల ఉండే ఫిలిప్పీన్ పిలగాడు. వ్యాన్ల గూడ పక్కపక్కనే కూసున్నరు. పాపం, రోమెల్‌కు ఇంక తెలివి రాలే. దవాఖానల ఉన్నడు, మొకం నిండ కట్లు."

"ఆ కూర ఎట్ల వండుతరో చెప్పు."

"కిషనన్నకు అది నచ్చకపోతుండె. కారం లేదు, తాలింపు లేదు, పత్తెం కూర అనెటోడు."

"నచ్చనీ, నచ్చకపోనీ" అంది బుచ్చమ్మ. "ఆఖరు బువ్వ అదే గదా."

గుమ్మడికాయ, వంకాయ, బెండకాయ, టమాట, మునగాకు. అన్నీ ఇంటి చుట్టూ దొరికేవే. నిమ్మగడ్డి పక్కింటి పుష్పమ్మ పెరట్లోంచి వచ్చింది. నీళ్ళలో ఉప్పేసి మరిగించడం, ఒకదాని వెనుక ఒకటి వేయడం. అంతకు మించి ఏమీ లేదు.

బుచ్చమ్మకు మనసొప్పలేదు. "తాలింపు లేంది గది కూరెట్లయితదే" అని పక్క పొయ్యి మీద గరిటెలో నూనె పెట్టింది. పొయ్యి ఆరిపోయింది. వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది. గాలి లేదు, సిలిండర్ నిన్ననే మార్చారు. అదే సిలిండర్ మీద లత పెట్టిన కూర మాత్రం తన మానాన తాను ఉడుకుతోంది. మూడోసారి వెలిగించబోయి, ఎందుకో భయమేసి, బుచ్చమ్మ గరిటె కింద పెట్టేసింది.

జైసింగ్ గడప దగ్గర నిలబడి చెబుతున్నాడు. "రోమెల్ చలికి అస్సలు ఆగడు వదినె. పొద్దున లేస్తే కిషనన్న కోటే ఏసుకొని తిరుగుతుండె. కిషనన్న గూడ ఏమనకపోతుండె..."

మాట మధ్యలోనే ఆగిపోయాడు. లత నిమ్మగడ్డిని మడిచి, చుట్టి, గట్టిగా ముడి వేసి గిన్నెలో వదిలింది.

"గట్ల ముడేయాలని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు? చెయ్యి గట్ల పోయింది."

"రోమెల్ గిట్లనే ముడేస్తడు. నేను చెప్పుడే మర్చిన."

మునగాకు ఎప్పుడు వేయాలో, మంట ఎప్పుడు ఆర్పాలో లత అడగలేదు. అతను చెప్పలేదు.

కొత్త విస్తరిలో అన్నం పెట్టి, దాని మీద కూర పోసి, పాత విస్తరి పక్కనే గోడ మీద పెట్టింది. ఆమె ఇంకా పూర్తిగా వెనక్కి తిరగనేలేదు, కాకి వాలింది. ఒక్కటే కాకి. ఒక ముక్క నోట కరుచుకుని పారిపోయే రకం కాదు. నిదానంగా, వరుసగా, గుమ్మడి ముక్క, బెండకాయ, మునగాకు, అన్నీ తింది. పక్కన ఉన్న మాంసం వైపు తల కూడా తిప్పలేదు. తిన్నాక లతను ఓ క్షణం చూసి ఎగిరిపోయింది.

"తిన్నవా కొడుకా, నీ కడుపు నిండిందా" అని బుచ్చమ్మ గొల్లుమంది. లతకు అప్పుడొచ్చింది ఏడుపు. ఆపుకోలేకపోయింది. ఇక మీరూ తినండని అందరికీ చెబుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఫోన్ మోగింది. గల్ఫ్ నంబరు. కంపెనీ వాళ్ళేమో అనుకుని ఎత్తింది.

"లతా." గొంతు బొంగురుగా ఉంది. కానీ ఆమె పోల్చుకోలేని గొంతు కాదు. "నేను, కిషన్‌ను. గిప్పుడే తెలివొచ్చింది. దవాఖానల ఉన్న. మొకానికి కట్లు కట్టిన్రు. గీళ్ళేమో నన్ను రోమెల్, రోమెల్ అని పిలుస్తున్నరు."

లత గోడను పట్టుకుంది.

"పరేషాన్ గాకు, జర విను. రోమెల్ గూడ మంచిగనే ఉన్నడు. గింతసేపు నా మంచం పక్కనే కూసున్నడు. 'మీ ఇంట్ల కడుపు నిండ తిన్న, వదినెకు చెప్పు' అని, గిప్పుడే లేచి పోయిండు."