ఊరి పెద్ద ఒప్పుకోలేదు

సోమవారం రివ్యూ. యంత్రం సిద్ధంగా ఉంది. అందులో వేసి ఆరబెట్టడానికి ఇప్పపువ్వే లేదు.

లేకేం, పర్ణశాల అవతల ఒక ఊరి అడవిలో చెట్ల కింద కావలసినంత రాలి ఉంది. ముట్టుకోవడానికే లేదు. పండుగ చేసి దేవతకు పెట్టందే ఆ ఊళ్లో ఎవరూ కొత్త పువ్వు ఏరరు. పక్క ఊరివాళ్ల చెట్ల కింద ఏరడం అంతకన్నా తప్పు. పండుగ ఎప్పుడో చెప్పాల్సింది ఊరి పెద్ద. ఏన్కూరు వైపు మిర్చి కోతకు వెళ్లినవాళ్లంతా తిరిగొస్తేనే పండుగ అని ఆ పెద్ద తేల్చేశాడు. వాళ్లు వచ్చేది పైవారం, రివ్యూ అయిపోయాక.

రవీందర్‌ది బీటెక్, ఎంబీఏ కలిపి చదివే కోర్సు. ఇది ఆఖరి ఏడు. ఈ సోలార్ యంత్రమే అతని ప్రాజెక్టు. రివ్యూలో అది పనిచేస్తుందని చూపించకపోతే ఏడాది పోతుంది. చేతికొచ్చిన ఉద్యోగమూ పోతుంది.

అందుకే గైడ్ జస్టిన్ సార్ పొద్దున్నే ఖమ్మం నుంచి బండేసుకుని శిష్యుడి ఊరికి వచ్చేశాడు. మంచివాడే. కాకపోతే తాను మాట్లాడుతుంటే ఎదుటివాళ్లకు సందివ్వడు.

“యంత్రం చేసుడు ఇంజనీరింగ్. మనిషిని ఒప్పిచ్చుడు మేనేజ్‌మెంట్. నువ్వు సగమే చదివినవ్‌రా” అని ఆటపట్టించాడు.

“పెద్ద ఒక్కసారి అన్నంక మాట మారదు సార్. కూలికి పోయినోళ్లను ఇడిశిపెట్టి పండుగ చేస్తే, వాళ్లు ఊరోళ్లు కానట్టే” అన్నాడు రవీందర్. నిద్రలేక ముఖం పీక్కుపోయింది. ఇంకేదో చెప్పబోయాడు గానీ సార్ అప్పటికే ఊళ్లోకి నడక సాగించాడు.

ఎర్రమ్మ అనే ముసలామె వాకిట్లో మంచం వాల్చి మంచినీళ్లిచ్చింది. సార్ ఆమెకు కోర్సు సంగతి, రివ్యూ సంగతి, ఉద్యోగం సంగతి పూస గుచ్చినట్టు చెప్పాడు. శిష్యుడంటే ఆయనకు నిజంగానే ప్రేమ. చెబుతూ చెబుతూ కోపం ముంచుకొచ్చింది.

“పెద్దాయనకేంది, పండుగ ఎనక్కి జరిపి హాయిగ కూసున్నడు. ఈ పిలగాని చదువు పోతే ఆయన సొమ్మేం పోయింది? ఒక్కసారి పిలువు తల్లీ, నేను మాట్లాడత.”

రవీందర్ తల దించుకున్నాడు.

“పొద్దుగాల సంది మీ వెంటనే తిరుగుతుండు గద సార్,” అంది ఎర్రమ్మ, “వాళ్ల నాయన పోయినంక మా ఊరి పెద్ద రవీందరే.”