పదకొండు ఎర్ర చుక్కలు

ఖాళీ బిందె బల్ల మీద ఠంగున పడింది. కాగితాలు ఎగిరాయి.

"మా వీధి కుళాయికి తాళం వేయించిన మహానుభావుడివి నువ్వేనా బాబూ?"

ఆరోగ్యశాఖలో జబ్బుల లెక్కలు చూసే ఉద్యోగి తలెత్తాడు. ఆఫీసులో అందరూ అతన్ని లెక్కలాయన అంటారు. ఎదురుగా అరవై దాటిన పెద్దమ్మ రొప్పుతూ నిలబడి ఉంది.

"నేనే. మీ మంచికే వేయించాను పెద్దమ్మా. ఆ నీళ్ళు తాగి జనం వాంతులతో, విరేచనాలతో పడిపోతున్నారు."

"ఎవరు పడిపోయారు? మా వీధిలో తుమ్మినవాడు కూడా లేడు!"

లెక్కలాయనకి నవ్వొచ్చింది. ఇలాంటివాళ్ళ నోరు మూయించడానికే కదా లెక్కలున్నది! కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాడు. ఊరి పటం, దాని మీద ఒకేచోట గుట్టపడ్డ ఎర్ర చుక్కలు. ఆ పటం చూసి పై అధికారి మొన్న శభాష్ అంటూ అతని భుజం తట్టాడు.

"ఇవన్నీ ఆసుపత్రి రిజిస్టరు నుంచి వచ్చిన కేసులు. మనుషులు అబద్ధం చెబుతారేమో గానీ ఇది చెప్పదు. పదకొండు మంది, చూడండి. అందరిదీ కుళాయి ఎదురిల్లే. ఇరవై మూడో నంబరు."

పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఓరి నీ లెక్కలు తగలెయ్య! అది మా ఇల్లు. ఉండేది నేనూ, నా ఏడేళ్ళ మనవరాలూ. పదకొండు మంది ఎక్కడ పడుకుంటారయ్యా, అటక మీదా?"

అతను తడబడుతూ జాబితాలో పేర్లు పైకి చదివాడు. నాలుగు పేర్లు వినేసరికి ఆవిడ కోపం దిగిపోయింది. గొంతు తగ్గించింది.

"వీళ్ళా... వీళ్ళు కాలవ అవతలి వాళ్ళు బాబూ. ఆ పక్క ఈ ఆసుపత్రి కిందికి రాదని వాళ్ళకి ఇక్కడ చీటీ రాయరట. పాపం, ప్రాణం మీదికొస్తే ఎక్కడికి పోతారు? మా ఇంటి నంబరు చెప్పుకోండర్రా అని నేనే అన్నాను. నా సొమ్మేం పోయింది?"

లెక్కలాయన తెర మీది చుక్కల వైపు మళ్ళీ చూశాడు. అయితే చెడిపోయింది ఈ వీధి నీళ్ళు కాదు. కాలవ అవతలి నీళ్ళు.

"మరి ఈ ఐదు రోజులూ మీరు నీళ్ళు ఎక్కడ పట్టుకుంటున్నారు?"

"ఎక్కడేమిటి? కాలవ అవతలి కుళాయి దగ్గరే. నాకు మోకాళ్ళు సహకరించవు. మనవరాలే చిన్న బిందెతో తెస్తోంది."

అతను ఫోను అందుకున్నాడు. తాళం వేసిన కుళాయి తెరవమనీ, అవతలిది వెంటనే మూసేయమనీ అరిచాడు. ఆ వెంటనే ఆసుపత్రి గుమాస్తాకి ఫోను చేసి చెడామడా తిట్టాడు.

"దొంగ అడ్రసులు రాసి నా కొంప ముంచావు కదయ్యా! ఇక ఇరవై మూడో నంబరు ఇల్లని ఎవరొచ్చి చెప్పినా సరే, చీటీ రాయకు. విన్నావా?"

ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ఆ వీధి ఇక్కడికి పది నిమిషాల నడక. ఒక్కసారి వెళ్ళి ఆ తలుపు తట్టి ఉంటే సరిపోయేది. ఒక్క ఇంట్లో పదకొండు మందా అన్న అనుమానమైనా రాలేదు తనకి. భుజం తట్టించుకున్నందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"నాదీ తప్పే నాయనా," అంది పెద్దమ్మ. "మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది."

"మీ మనవరాలు బాగుందా?"

ఆవిడ చూపు తిప్పుకుంది. "పొద్దున కడుపులో తిప్పుతోందంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుని, వీపు మీద ఒకటిచ్చి మరీ పంపాను."

లెక్కలాయన దిగ్గున లేచాడు. "పదండి, బడికి వెళ్దాం. పిల్లని నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను."

గుమ్మం దాటకముందే ఫోను మోగింది. ఆసుపత్రి గుమాస్తా. ఇందాక తిట్లు తిన్నవాడి గొంతులో ఇప్పుడు ఎక్కడలేని హుషారు.

"సార్, మీరు చెప్పి పెట్టేశారో లేదో, ఇంకో దొంగ అడ్రసు దొరికిందండీ! ఎవరో పంతులమ్మ, ఏడేళ్ళ పిల్లని భుజాన వేసుకొచ్చి ఇరవై మూడో నంబరే చెప్పింది. పిల్ల కళ్ళు తేలేస్తోంది, అయినా నేను కరగలేదు సార్, గుమ్మంలోంచే వెనక్కి పంపేశాను!"