ఉడుము ముట్టని గుడ్లు

రెండు అగ్నిపర్వతాల మధ్య ఒక మట్టికోడి ఉండేది. ఆ జాతి కోళ్లు గుడ్ల మీద కూర్చుని పొదగవర్రా, వెచ్చటి మట్టిలో పూడ్చిపెడతాయి. ఒక కొండ రోజూ బుసకొడుతూ ఎర్రటి లావా కార్చేది. రెండోది ఏళ్లుగా నోరు మెదపలేదు. కోడి దాని వాలులోనే ఏడు గుడ్లు పూడ్చింది.

ఒకరోజు ఉడుము వచ్చి ఆ మట్టికి పొట్ట ఆనించి చూసింది.

"కోడమ్మా, గుడ్లు తీసెయ్. నేల నిన్నటికంటే వేడెక్కింది. అడుగున కరిగిన రాయి పైకొస్తోంది."

"రోజూ కక్కే కొండను వదిలి దీన్నంటావేం మామా?"

"దాని లావా గంజిలా పల్చన. లోపలి ఆవిరి ఎప్పటికప్పుడు బయటికి పోతుంది. దీనిది సంకటిలా చిక్కన. ఆవిరి ఇరుక్కుని ఒక్కసారే పేలుతుంది."

"గుడ్లు తినేవాడివి, నీ మాట నమ్మాలా?"

"తింటాను. ఇవాళ మాత్రం ఆకలితోనే పోతున్నాను," అంటూ ఉడుము గుడ్లను దాటుకుని పరుగెత్తింది.

ఉడుము గుడ్లు వదిలిపోవడం కోడి ఎన్నడూ చూడలేదు. గబగబా మట్టి తవ్వి, గుడ్లను కాళ్లతో దొర్లించుకుంటూ ఎదురు కొండకు చేర్చి, అక్కడి వెచ్చటి మట్టిలో పూడ్చింది. మూడో రోజు మౌనంగా ఉన్న కొండ పేలి, వాలంతా బూడిద కింద పూడిపోయింది.

ఉడుమూ ఆ ఎదురు కొండకే కాపురం మార్చింది. అక్కడ ఆరు కోడిపిల్లలు పుట్టాయి. ఏడో గుడ్డు ఏమైందని కోడి ఉడుమును అడగలేదు.