రవిక కుట్టు

వాగు పొంగి జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు నీళ్లలో తేలిన ఏడు అది. ఆ ఏడే సుభానీ ఇంట్లో మనవడు పుట్టాడు.

సుభానీ పరుపులు కుట్టేవాడు. విల్లు పట్టి దూది ఏకితే మబ్బు దిగి అరుగు మీద కూర్చున్నట్టుండేది. చిలకలూరిపేట చుట్టుపక్కల పెళ్లి పరుపంటే ఆయన చేతిదే. మాట మాత్రం కరువు. "నోట్లో దూది కుక్కుకు పుట్టాడు" అనేవాళ్లు ఊళ్లో.

మిరప కోతల నాటికి మనవడికి మూడో నెల. కోడలు నజీరా కళ్లు లోతుకు పోయాయి. నిద్రన్నది లేదు. మొగుడు మాలిక్ లారీ మీద పోతే వారానికి గానీ రాడు. అత్త ఇంట్లోనే ఉంది గానీ, లేనట్టే.

"అత్తమ్మా, ఒక్క అరగంట పట్టుకో. నీళ్లు పోసుకొస్తాను."

"నా చేతికివ్వకే తల్లీ" అనేది అమీర్‌బీ, మిరపకాయలకి తొడిమలు తీస్తూ. తల ఎత్తేది కాదు.

పాతికేళ్లయింది ఆమె ఏ బిడ్డనైనా ఎత్తుకుని.

ఆ వారంలో గుంటూరు నుంచి తేజశ్రీ అనే పిల్ల వచ్చింది. పసిపిల్లల నిద్ర మీద పరిశోధనట. చంకలో కాగితాల అట్ట.

"నిద్రకి కూడా చదువుందా అమ్మాయ్?" అంది పక్కింటి ఆదెమ్మ. "అయితే మా ఆయనకి పెద్ద పట్టానే ఇవ్వాలి."

తేజశ్రీ నవ్వింది. అట్ట మీద కాగితం తిప్పింది.

"ఈ ఇంట్లో ఇదివరకు నెలల పిల్లలెవరైనా నిద్రలో పోయారా అండీ?"

నజీరా నేల చూపులు చూసింది. ఆదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పోయింది" అంది అమీర్‌బీ. "ఆడపిల్ల. మూడో నెల. నేనే నొక్కేశాను. రాసుకో."

కలం ఆగిపోయింది.

"మధ్యాహ్నం కోత నుంచి వచ్చి, పాలిచ్చి, చాప మీద పక్కనే వేసుకుని ఒరిగాను. ఒళ్లు తెలీలేదు. లేచేసరికి నా చెయ్యి కింద ఉంది. బుగ్గ మీద వరసగా కుట్టు అచ్చులు. నా రవిక కుట్టు."

"ఇంకో మగాడైతే ఆ పూటే పుట్టింటికి తోలేవాడు" అంది ఆదెమ్మ. "ఈ మహానుభావుడు ఒక్క మాట అనలేదమ్మా. ఆ దిగులుకే చంటిపిల్లల పరుపులు కుట్టడం మానేశాడు. ఎవరడిగినా చేతకాదంటాడు."

సుభానీ అరుగు మీద విల్లు తుడుస్తున్నాడు. ఇటు తిరగలేదు.

తేజశ్రీ చెప్పాల్సింది చెప్పింది. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తటి పరుపొద్దు, తలగడొద్దు. గట్టి పక్క మీద బిగువుగా ఒక దుప్పటి చాలు. పెద్దవాళ్ల పక్కలో వద్దు. బోర్లా పడితే ముక్కు దూదిలో కూరుకుపోతుంది, తిప్పుకునే బలం మెడకి ఉండదు.

"ఎంతసేపట్లో?" అన్నాడు సుభానీ.

అందరూ అరుగు వైపు చూశారు.

"ఎక్కువసేపు పట్టదు తాతా."

"ఏడవదా?"

"చాలాసార్లు చప్పుడే ఉండదు. పక్కనే ఉన్నవాళ్లకి కూడా తెలీదు."

ఆయన మళ్లీ విల్లు తుడుచుకున్నాడు. తేజశ్రీ కాగితం మీద 'తల్లి పక్కలో' అని రాసుకుని బస్సుకి వెళ్లిపోయింది.

సాయంత్రం నజీరా గోడకి ఆనుకుని కునికింది. బిడ్డ ఒళ్లోంచి జారుతున్నాడు. అమీర్‌బీ చేతులు ముందుకు వెళ్లాయి. నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చాయి.

"ఏమయ్యా! పట్టుకో!" అని కేకేసింది.

సుభానీ వచ్చి పట్టుకున్నాడు. నజీరా ఉలిక్కిపడి లేచింది. ఇద్దరి వంకా చూసింది. తిట్టే ఓపిక కూడా లేక ఏడ్చింది.

అమీర్‌బీ చేతుల్ని కొంగు కింద దాచుకుంది. ఆయన చూశాడు. పాతికేళ్లుగా చూస్తున్నట్టే చూశాడు.

మర్నాడు పొద్దున్నే సుభానీ మనవణ్ణి ఎత్తుకొచ్చి, వద్దు వద్దంటున్నా అమీర్‌బీ ఒళ్లో పెట్టి, నోరు విప్పాడు: "ఆ రోజు నువ్వు నిద్రపోయాక పిల్ల ఏడుస్తుంటే నేనే తీసుకుపోయి కొత్త పరుపు మీద బోర్లా వేశాను, మళ్లీ తెచ్చి నీ చెయ్యి కింద పెట్టేసరికే చల్లబడిపోయింది, ఆ బుగ్గ మీద కుట్టు నీ రవికది కాదు, నాది."