అయిదో రాయి

ఇఖ్రా అయిదో రాయిని నాకింది. తియ్యగా ఉంది.

రాయి తియ్యగా ఉండడమేమిటి, నా మొహం! నాలుకే మోసం చేస్తోందనుకుని సీసాలో నీళ్లు పుక్కిలించి, మళ్లీ నాకింది. ఈసారి ఇంకా తియ్యగా ఉంది.

కరీంనగర్‌లో ఒక కాలేజీ. డిగ్రీ చివరి ఏడు, జియాలజీ ప్రాక్టికల్. పళ్లెంలో అయిదు రాళ్లు పెడతారు. చూసి, గీకి, అవసరమైతే నాకి వాటి పేర్లు రాయాలి. పోయినేడు ఇఖ్రా తప్పింది ఈ పరీక్షే. ఇవాళ కూడా మూడో రాయి దగ్గర తెల్లమొహం వేసింది. ఇక అయిదోది పోయిందంటే ఇంకో ఏడాది పోయినట్టే. "రాళ్లు నాకే చదువేం చదువే" అని ఇంట్లో దాదీ సుగ్రా బేగం ఇప్పటికే మూతి తిప్పుతోంది.

"జల్ది కానియ్ ఇఖ్రా," వెనక నిలబడ్డ మల్లేష్ గొణిగాడు. "అయిదోది రాతి ఉప్పు. అందరం గదే రాసినం."

"నాకి చూసినవా?"

"ఛీ! ఎవరెవరి చేతులు పడ్డయో ఏమో. అయినా సారు చెప్పకనే చెప్పిండు గదా!"

ఆ మాట నిజమే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ బుచ్చిరాములు సార్ పొద్దున నాలుగు రాళ్లను డబ్బాలోంచి తీసి పళ్లెంలో పడేశాడు. అయిదోదాన్ని మాత్రం చొక్కా జేబులోంచి తీసిన కాగితం పొట్లం విప్పి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు. "మీ కాలేజీ రాళ్ల మీద నాకు నమ్మకం లేదు. ఇవన్నీ నా సొంతం. గిది చెమ్మ తగిలితే కరుగుతది, జాగ్రత్త" అన్నాడు. ఇంకేం, కరిగే తెల్లరాయి అనగానే క్లాసు క్లాసంతా కళ్లు మూసుకుని ఉప్పు అని రాసేసింది.

ఇఖ్రా భూతద్దం పెట్టి చూసింది. రాతి ఉప్పయితే విరిగినచోట పెట్టె మూలల్లా చదరంగా ఉండాలి. ఇదేమో ఎటుపడితే అటు విరిగి ఉంది. అంతలో అటెండర్ సదానందం తువ్వాలతో పళ్లెం చుట్టూ విదిలించాడు.

"గీ చీమలొకటి! రాళ్ల కాడ వీటికేం పనో" అని విసుక్కున్నాడు.

"నలుగురితో పాటు నారాయణ అనరాదు?" మల్లేష్ బతిమాలాడు. "లేకుంటే మళ్లా తప్పుతవ్."

నారాయణ అనడానికి ఇఖ్రాకు అభ్యంతరమేమీ లేదు. నాలుకే ఒప్పుకోవడం లేదు. 'యా అల్లా' అనుకుని రాసింది: అయిదు, పటికబెల్లం.

మధ్యాహ్నం రెండు దాటింది. అన్నం తినకుండా కాగితాలు తిరగేస్తున్న బుచ్చిరాములు సార్ ఒకచోట ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇఖ్రా ఎవరు? గిది పరీక్షనా, మిఠాయి దుకాణమా?"

"తియ్యగుంది సార్. రెండుసార్లు నాకిన."

"ముప్ఫై ఏండ్ల సంది పాఠం చెప్తున్న. నా రాయి నాకు తెల్వదా? మిగతా పందొమ్మిది మంది పిచ్చోళ్లా?"

"మీరే ఒక్కసారి నాకి చూడుండ్రి సార్."

క్లాసు గొల్లుమంది. సార్ మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"ఇరవై మంది నాకిన రాయిని నన్ను నాకమంటవా? పో, మళ్లేడు రా!"

ఎర్రకలంతో పెద్ద సున్నా చుట్టాడు. ఇఖ్రాకు ఏడుపు తన్నుకొచ్చింది. దాదీ మూతి కళ్లముందు అటూ ఇటూ తిరిగింది.

సున్నా చుట్టిన చేయి ఎందుకో వణకడం మొదలుపెట్టింది. సార్ నుదుటి నిండా చెమటలు. కలం జారి కిందపడింది.

"సార్, ఏమైంది?" సదానందం పరుగెత్తుకొచ్చాడు. "అరే, సారుకు షుగర్ డౌన్ అయినట్టుంది! జర చాయ్ తేండ్రి!"

"పరేషాన్ గాకుండ్రి," సార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "గిట్ల అయితదనే ఎప్పుడూ ఒకటి దగ్గర పెట్టుకుంట."

తడుముకుంటూ అదే చొక్కా జేబులోంచి ఇంకో పొట్లం తీసి, అందులోని తెల్లముక్కను నోట్లో వేసుకున్నాడు. హాయిగా కళ్లు మూసుకున్నాడు.

మరుక్షణం కళ్లు, ముక్కు, మూతి అన్నీ ఒకచోటికి చేరాయి.

"థూ!" అని అరచేతిలోకి ఉమ్మేశాడు. "ఉప్పు! ఉత్త ఉప్పు!"

ఇఖ్రా కళ్లు తుడుచుకుని, పళ్లెంలోని అయిదో రాయి తీసుకుని పరుగున వెళ్లి సార్ నోటి ముందు పెట్టింది.

"ముందుగాల గిది నోట్లె ఏసుకోండ్రి సార్. ఇరవై మంది నాకిండ్రని ఫికర్ చెయ్యకుండ్రి, నేనొక్కదాన్నే నాకిన."