వెళ్లదగ్గ ఊరేనా?

ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి ఆ మనిషి ఆగిపోయాడు.

"ఎక్కుతావా, దిగుతావా? బస్సు మీ మామగారిదనుకున్నావా?" కండక్టరు కసిరాడు.

ఎక్కాడు. ఖాళీ ఒక్కటే ఉంది, దర్జీ అక్క పక్కన.

వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మిషను మీద వంగి వంగి నడుం పట్టేసిన మనిషి. ఒళ్లో సంచి, సంచిలో తమ్ముడి కోసం కుట్టిన చొక్కా.

వచ్చినవాడు కుదురుగా కూర్చోలేదు. కాసేపు కిటికీలోంచి చూశాడు, కాసేపు తన చేతులు చూసుకున్నాడు. చివరికి ముందు సీటు మీదికి వంగాడు.

"అయ్యా, రాజధాని వెళ్లదగ్గ ఊరేనంటారా?"

ముందు సీటులోని లెక్కల మాస్టారు గిరుక్కున తిరిగాడు. రిటైరయ్యాక ఆయన్ని ఏదైనా అడిగినవాళ్లు లేరు కాబోలు, ముఖం వెలిగింది.

"అదేం ప్రశ్నయ్యా! పాత కోట, మ్యూజియం, నది ఒడ్డున తోట... రెండు కళ్లూ చాలవు. పుట్టాక ఒక్కసారైనా చూడాలి."

"ఆ రెండు కళ్లూ కోట మీద పెడితే జేబెవరు చూస్తారండీ?" బట్టల వ్యాపారి అందుకున్నాడు. "దారి అడిగితే కూడా సరిగ్గా చెప్పరు అక్కడ. దూరపు కొండలు నునుపు, అంతే!"

"మీరు సరుకు కోసం వెళ్లి సందులు చూసొచ్చారు. ఊరంటే అది కాదు."

"మీరు టికెట్టు కొని చూసింది మాత్రం ఊరా?"

బస్సులో సగంమంది మాస్టారి వైపు, సగంమంది వ్యాపారి వైపు చేరారు. నవ్వులు, వాదనలు. అడిగినవాడి సంగతి అందరూ మరిచిపోయారు.

దర్జీ అక్క నవ్వలేదు.

అతను గొంతు తగ్గించాడు. "నువ్వేమంటావక్కా? ఎప్పుడైనా వెళ్లావా?"

వెళ్లడమా! రెండేళ్లుగా వాయిదా వాయిదాకీ తిరుగుతూనే ఉంది. తమ్ముడు జైల్లో ఉన్నాడని మాత్రం బస్సుల్లో చెప్పదు. ఒకసారి నోరుజారి చెబితే, పక్కనున్నావిడ లేచి వేరే సీటుకు వెళ్లిపోయింది.

"చాలాసార్లు," అంది.

"ఎందుకు?"

"పనుండి."

"అయిందా?"

"మనలాంటివాళ్ల పని అక్కడ అవుతుందా? చెప్పులరగడం తప్ప."

అతను తలూపాడు. కొంతదూరం పోయాక మళ్లీ తనే మొదలుపెట్టాడు.

"నాకూ ఒక పనుందక్కా. నాది కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లది. చేస్తే నాకొరిగేదేం లేదు, పైగా పెద్దవాళ్లతో పగ. వద్దని మా ఆవిడ ఏడ్చింది. పోనీ మానేద్దామంటే నిద్ర పట్టట్లేదు."

దర్జీ అక్క అతని వంక మొదటిసారి సరిగ్గా చూసింది. నోట్లో వేలు పెడితే కొరకలేని ముఖం. ఇలాంటివాళ్లనే ఆ ఊరు నమిలి మింగేది అనుకుంది.

"పిల్లలున్నారా?"

"ఇద్దరక్కా. చిన్నదానికి ఇంకా మాటలు రాలేదు."

"అయితే వెనక్కి వెళ్లిపో నాయనా. పరాయివాళ్ల కోసం కొండను ఢీకొంటే నీ పిల్లలు ఏమైపోవాలి? ఎవరి ఖర్మ వాళ్లది. ఆ ఊరు వెళ్లి నవ్వుతూ తిరిగొచ్చినవాణ్ణి నేనైతే చూడలేదు."



వంతెన దగ్గర బస్సు ఆగింది. అతను లేచి, ఆమెకు చేతులు జోడించాడు.

"చల్లగా ఉండక్కా."

దిగి, రోడ్డు దాటి, అవతలి వైపు బస్సు కోసం నిలబడ్డాడు.

పోనీలే, ఒక ఇల్లు నిలబెట్టాను అనుకుంది దర్జీ అక్క. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలికపడింది.

కోర్టులో లాయరు గుమ్మం వైపే చూస్తున్నాడు. ఇంతలో ఫోను వచ్చింది. బయటికి వెళ్లి వచ్చేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

జడ్జి ఏదో అడిగాడు. లాయరు తల అడ్డంగా ఊపాడు.

"ఇంతకంటే గడువివ్వలేను," అన్నాడు జడ్జి.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. తమ్ముణ్ణి పోలీసులు వ్యాను ఎక్కించారు. వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి, "ఇంటికి జాగ్రత్తగా వెళ్లక్కా," అన్నాడు. చొక్కా ఇస్తానంటే పోలీసులు ఇవ్వనివ్వలేదు.

లాయరు వరండాలో బల్ల మీద కూలబడ్డాడు.

"నీకు ముందే చెప్పనందుకు ఏమీ అనుకోకమ్మా. బయటికి పొక్కితే లారీ యజమాని మనుషులు సాక్షిని బతకనివ్వరని నీ దగ్గర కూడా దాచాను. ఆ రోజు మనిషిని గుద్దిన లారీ నడిపింది నీ తమ్ముడు కాదు, యజమాని కొడుకు. అది కళ్లారా చూసినవాడు ఒకడు దొరికాడు. కాళ్లావేళ్లా పడితే సాక్ష్యం చెబుతానన్నాడు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి రాలేదేం బాబూ?"

"పొద్దున బస్సెక్కాడు. సగం దారిలో దిగిపోయి ఇందాక ఫోను చేశాడు." లాయరు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "'పక్క సీటులో ఎవరో అక్క, సొంత తమ్ముడికి చెప్పినట్టు చెప్పిందండీ, ఆమె మాట కాదనలేకపోయాను' అన్నాడు."